పర్లాకిమిడి తమ్ముడికి

వాషింగ్టన్

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. అటవీ హక్కుల మీద పనిచేసే సంస్థ నిన్ను విరాళాల సేకరణ ఉద్యోగానికి పిలిచిందని రాశావు. మంచి పనే. అయితే అన్నదానానికి డబ్బడగడం వేరు, విధానాల పనికి అడగడం వేరు. విస్తరి ఫొటో చూపిస్తే దాత జేబులో చెయ్యి పెడతాడు. గ్రామసభ తీర్మానం ఫొటోలో అతనికి ఏం కనపడుతుంది?

అందుకని ప్రతిపాదనలో 'ఇన్ని పట్టాలు ఇప్పిస్తాం' అని మాత్రం రాయకు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం దరఖాస్తు గ్రామసభ నుంచి సబ్‌డివిజన్ కమిటీకి, అక్కణ్ణించి జిల్లా కమిటీకి వెళ్తుంది. ఆఖరి మాట జిల్లా కమిటీది. మన చెయ్యి ఆడేది కింది మెట్టు దగ్గరే. ఎన్ని ఊళ్లలో సభ జరిగింది, ఎన్ని దరఖాస్తులకి ఒకటికి మించి ఆధారాలు జతచేశారు, ఎన్ని వెనక్కొచ్చాయి, ఎందుకొచ్చాయి, ఇవి రాయి. వెనక్కొచ్చినవి దాచకు. నన్నడిగితే దాత రెండోసారి ఇచ్చేది ఆ పేజీ చూసే.

ఇక డబ్బు సంగతి. విదేశీ విరాళానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదో ముందస్తు అనుమతో ఉండాలి, సొమ్ము ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత దాన్ని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. పాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. అంటే ఏడాదిలో 24 లక్షలొస్తే 4 లక్షల 80 వేలు. ఆఫీసు అద్దె, బండి ఖర్చు, చివరికి నివేదిక రాసి దాఖలు చేసే ఖర్చూ అందులోదే. సంస్థ ముఖ్యంగా పరిశోధనో శిక్షణో చేసేదైతే, ఊళ్లలో వివరాలు సేకరించేవాళ్ల జీతాలు పాలన కింద లెక్కపెట్టరు. బడ్జెట్‌లో అందరినీ కలిపి 'సిబ్బంది' అని ఒక్క పద్దు రాసేశావనుకో, ఆడిట్‌లో ఏది ఎందులోదో తేల్చలేక తల పట్టుకుంటావు. నీ జీతానికి మాత్రం దేశీ విరాళాలు చూసుకోమను.

మన ఊరి నుంచి బయటికొచ్చినవాళ్లని అడిగేముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో కనుక్కో. భారత పౌరులు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, మామూలు ఖాతాలో వేసుకోవచ్చు. పౌరసత్వం మారినవాళ్లదైతే, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే) కార్డున్నా సరే, విదేశీ సొమ్మే. పాస్‌పోర్టు నకలు రశీదుతో కలిపి దాచు. ఈ రెండు రకాల డబ్బూ ఒక ఖాతాలో కలిస్తే నమోదుకే ముప్పు.

ఊళ్లో షావుకార్ల దగ్గర 80జి, అంటే విరాళం మీద పన్ను మినహాయింపు మాట ముందే ఎత్తకు. నగదు 2,000 దాటితే మినహాయింపు రాదు, కొత్త పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకి అసలే లేదు.

తెచ్చినదాంట్లో ఇంత శాతం నీకిస్తామంటే ఒప్పుకోకు. ఇక్కడి అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్ నియమావళే దాన్ని కూడదంటుంది. కమిషన్ మనిషి పెద్ద చెక్కు కనపడితే ఏ షరతుకైనా తలూపుతాడు.

చేరేముందు మూడేళ్ల ఎఫ్‌సీ-4 రిటర్నులు (విదేశీ విరాళాల మీద సంస్థ ఏటా దాఖలు చేసే లెక్కలు) అడిగి తీసుకో. ఫోన్లో ఫొటోలు తీసి పంపితే నేనూ చూస్తాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో ఈసారైనా రాయి.

మీ అక్క