స్ట్రిప్పు కంపెనీ కాకముందు

బుజ్జమ్మా,

నీ మెయిల్ చదివాను. పరిశోధనల్ని మార్కెట్ దాకా చేర్చే టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసులో చేరి నెల తిరక్కముందే మొదటి ఫైలు వచ్చిందన్నమాట: మూత్రంలో అల్బుమిన్ (మూత్రపిండాలు దెబ్బతింటే బయటికి పోయే ప్రోటీను) చూసే పేపర్ స్ట్రిప్పు, పీహెచ్‌డీ చివరికొచ్చిన అబ్బాయి, వచ్చే నెలలోనే కంపెనీ పెట్టించేద్దామంటున్న ప్రొఫెసర్ గారు. రిజిస్ట్రేషన్ ఎలా చేయించాలని అడిగావు. అది తేలిక పనే. ఇద్దరు డైరెక్టర్లు, కంపెనీ రిజిస్ట్రేషన్‌కి ఆన్‌లైన్లో నింపే స్పైస్ ప్లస్ ఫారం, ఒక చార్టర్డ్ అకౌంటెంటు ఉంటే చాలు. అందుకే దాన్ని ఆఖరికి పెట్టుకో. రిజిస్టరైన రోజునుంచి కంపెనీకి వయసు లెక్క మొదలవుతుంది. కేంద్రం ఇచ్చే తొలి పెట్టుబడి సాయం, స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్, అడగాలంటే దరఖాస్తు నాటికి కంపెనీకి రెండేళ్లు దాటకూడదు. స్ట్రిప్పు ఇంకా ల్యాబ్‌లో తప్పటడుగులు వేస్తుండగానే ఆ రెండేళ్లూ కరిగిపోతాయి. పైగా రూపాయి అమ్మకం లేకపోయినా ఆడిటు, రిటర్నులు తప్పవు.

ముందు ఆ అబ్బాయిని ఒక్కటే అడుగు: దీని గురించి బయట ఎక్కడైనా చెప్పావా? బయట చెప్పడమంటే వాళ్లకి జర్నల్ పేపరొక్కటే గుర్తొస్తుంది. కాన్ఫరెన్స్ పోస్టరు, అబ్‌స్ట్రాక్టుల పుస్తకం, థీసిస్‌లన్నీ ఆన్‌లైన్లో పెట్టే శోధ్‌గంగలోకెక్కిన థీసిస్ కూడా లెక్కలోకే వస్తాయి. మన పేటెంట్ చట్టం 31వ సెక్షన్లో విద్వత్ సభలో చదివిన పేపరుకి 12 నెలల వెసులుబాటు ఉంది గానీ అది చాలా ఇరుకు. యూరప్‌లో ఇలాంటివాటికి ఆ మాత్రం కూడా లేదు. ఇంకా చెప్పలేదంటే చెప్పేలోపు ప్రొవిజనల్, అంటే తాత్కాలిక పేటెంట్ దరఖాస్తు, దాఖలు చేయించు. మన రెండు రాష్ట్రాలకీ చెన్నై పేటెంట్ ఆఫీసే. విద్యాసంస్థలకి ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంది, కాబట్టి డబ్బు లేదన్న సాకు చెల్లదు.

అలాగని చెప్పే అవసరమేమీ రాకముందే వేసేసినా ఇబ్బందే. వేసిన రోజునుంచి 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే పూర్తి వివరణ, ఇవ్వాలి. విదేశాలు కావాలంటే అదే గడువులో పీసీటీ అనే అంతర్జాతీయ దరఖాస్తు. ఆ మొదటి దరఖాస్తు రోజునుంచే లెక్కేస్తే 30, 31 నెలలు వచ్చేసరికి ఒక్కో దేశానికీ విడివిడిగా ఖర్చు. ఆ ఖర్చు సంస్థ ఎక్కడిదాకా భరిస్తుందో ఇప్పుడే రాతపూర్వకంగా తీసుకో. ఇంకో మాట, పేటెంట్ చట్టం 3(ఐ) సెక్షన్ కింద మన దగ్గర రోగనిర్ధారణ పద్ధతికి పేటెంటు రాదు. "అల్బుమిన్ ద్వారా జబ్బు కనుక్కునే విధానం" అని అతను రాసుకొస్తే, క్లెయిముల్ని, అంటే హక్కు కోరే అంశాల్ని, స్ట్రిప్పు నిర్మాణం మీదికీ కిట్టు మీదికీ మళ్లించమను.

ఆ తర్వాత ఇది ఎవరిదో తేల్చు. ఏ గ్రాంటు డబ్బుతో చేశారో ఆ మంజూరు ఉత్తరం తెప్పించి షరతులు చదువు. స్ట్రిప్పులో అల్బుమిన్‌ని పట్టుకునే యాంటీబాడీ సీసా లేబుల్ కూడా చదువు. "పరిశోధనకు మాత్రమే" అని ఉంటే, అమ్మే సరుకులో వాడటానికి ఆ సీసా అమ్మిన కంపెనీతో వేరే ఒప్పందం కావాలి, ధర కూడా వేరే ఉంటుంది. వేరే ల్యాబ్ స్నేహపూర్వకంగా పంపిన యాంటీబాడీ అయితే మరీ చిక్కు. దాంతోపాటు వచ్చిన మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ ఒప్పందం ఎవరి సొరుగులో ఉందో వెతికించు.

ఇక స్ట్రిప్పుని చేతిలోకి తీసుకో. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుందేమో. ప్లాస్టిక్ అట్ట మీద నాలుగు ముక్కలు, ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి: చుక్క వేసే ప్యాడు, ఎర్రటి బంగారు నానో రేణువులు ఎండబెట్టిన ప్యాడు, యాంటీబాడీతో గీతలు గీసిన నైట్రోసెల్యులోజ్ పొర (ఫలితం కనిపించేది అక్కడే), చివర పీల్చుకునే ప్యాడు. ఆ అంచు ఒక మిల్లీమీటరు జరిగినా ద్రవం పారే తీరు మారి గీత పాలిపోతుంది. అతను చేత్తో అతికించినవి చక్కగానే పనిచేస్తాయి, ఎందుకంటే సరిగా లేనివాటిని తనకే తెలియకుండా పక్కన పడేస్తాడు. అందుకే వేరే మనిషి చేత చేయించమను. మూడు వేర్వేరు లాట్ల పొర మీద, మూడు వేర్వేరు రోజుల్లో, ఒక్కటీ పారేయకుండా. కొన్నిటిని 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో నెలల తరబడి ఉంచి చూడమను. జర్నల్ పేపర్లలో గీత బాగా కనిపించేది చాలాసార్లు బఫర్‌లో, అంటే పీహెచ్ నిలకడగా ఉండే ద్రావణంలో, కలిపిన అల్బుమిన్‌తో. మూత్రం పీహెచ్ 4.5 నుంచి 8 దాకా ఎక్కడైనా ఉంటుంది. రెండు యాంటీబాడీల మధ్య అల్బుమిన్ ఇరుక్కునే శాండ్‌విచ్ పద్ధతైతే అల్బుమిన్ మరీ ఎక్కువైనా గీత తేలిపోతుంది, అంటే జబ్బు ముదిరినవాడే బాగున్నట్టు కనిపిస్తాడు. మూత్రం ఎంత పలచగా ఉందో చెప్పే క్రియాటినిన్ కూడా స్ట్రిప్పు చూస్తోందా? గ్రాము క్రియాటినిన్‌కి 30 మిల్లీగ్రాముల అల్బుమిన్ అనేది హద్దు. అల్బుమిన్ ఒక్కటే కొలిస్తే రెండు చెంబుల నీళ్లు తాగొచ్చిన వాళ్ల దగ్గర స్ట్రిప్పు మోసపోతుంది.

ప్రపోజల్లో "ఉద్దానం కోసం" అని రాశారన్నావు. అక్కడే ఆగు. ఉద్దానంలో కనిపించే మూత్రపిండాల జబ్బులో దెబ్బ ఎక్కువగా నాళికల దగ్గర ఉంటుంది, మూత్రంలో అల్బుమిన్ తక్కువే పోతుంది. ఆ స్ట్రిప్పు అక్కడ చాలామందిని వదిలేస్తుంది. దాని అసలు చోటు షుగర్ రోగుల ఏడాది పరీక్ష కావచ్చు. అది తేలాలంటే అతను ల్యాబ్ వదిలి తిరగాలి. అమెరికాలో ఐ-కోర్ అని 2011 నుంచి నడుస్తున్న కార్యక్రమంలో ఒక్కో బృందం చేత వందమందితో మాట్లాడిస్తారు. మనవాళ్లకి ముప్ఫై మందైనా కావాలి: డయాగ్నస్టిక్ సెంటర్ టెక్నీషియన్లు, పీహెచ్‌సీ డాక్టర్లు, కిట్లు సరఫరా చేసే డీలర్లు. స్ట్రిప్పు జేబులోంచి తీయొద్దని చెప్పు. "ఇలాంటిదుంటే కొంటారా" అంటే అందరూ "బాగుందయ్యా" అనే అంటారు. పోయిన నెల ఈ పరీక్ష ఎన్నిసార్లు చేశారు, ఏ కిట్టుతో, బిల్లు ఎవరి సంతకంతో పాసైంది, ఎన్ని గడువు తీరి పారేశారు, ఇవే అడగాలి.

డబ్బు విషయంలో వరుస ముఖ్యం. బయోటెక్ స్టార్టప్‌లకి సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ వాళ్ల బిగ్ గ్రాంటు 50 లక్షల దాకా, 18 నెలలకి. జనవరి 1కీ జులై 1కీ దరఖాస్తులు పిలుస్తారు, కంపెనీ లేకుండా వ్యక్తిగానూ వేయొచ్చు. కానీ వేరే ప్రభుత్వ పథకాల్లో 10 లక్షలు దాటి తీసుకుంటే సీడ్ ఫండ్‌కి అర్హత పోతుంది. ఏది ముందు కావాలో కూర్చుని లెక్క వేయించు. అసెస్‌మెంట్ కోసం నాలుగు స్ట్రిప్పులు తయారుచేయాలన్నా వైద్య పరికరాల నియమాల కింద ఎండీ-12 ఫారంలో దరఖాస్తు పెట్టి టెస్ట్ లైసెన్సు తీసుకోవాలి. దానికి పట్టే సమయాన్ని ఆ 18 నెలల్లోంచే తీసెయ్.

వాటాల మాట ప్రొఫెసర్ గారి ముందు ఎత్తడం నీకు ఇబ్బందే. అయినా ఎత్తు. రోజంతా పనిచేసేది అబ్బాయి, పేరు ఆయనది. ఆయనకి సింహభాగం, అబ్బాయికి పది శాతం రాస్తే, మొదటి మంచి ఉద్యోగం రాగానే అబ్బాయి వెళ్లిపోతాడు. తర్వాత వచ్చే ఇన్వెస్టరు కూడా ఆ వాటాల పట్టిక చూసి వెనక్కి తగ్గుతాడు. ఎవరి వాటా అయినా నాలుగేళ్ల మీద దఖలు పడేలా, మొదటి ఏడాది నిండకుండా వెళ్తే ఏమీ రాకుండా రాయించు. సంస్థ పేటెంటుని అమ్మేయకుండా లైసెన్సుగానే ఇవ్వాలి. ఫలానా తేదీకి ఫలానా పని జరక్కపోతే తిరిగి తీసుకునే షరతు అందులో ఉండాలి.

సోమవారం అతన్ని పిలిచి మూడు తెమ్మను: ల్యాబ్ నోట్‌బుక్కు, గ్రాంటు మంజూరు ఉత్తరం, ఆ యాంటీబాడీ సీసా. సీసాని ఐస్ డబ్బాలోనే తెమ్మను, మాటల్లో పడి బల్ల మీద వదిలేస్తారు.

అమ్మ