పాప మొదటి సంగీత పోటీకి తోడ్పడిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో మా దగ్గర సంగీతం నేర్చుకుంటున్న పదేళ్ల పాప విజయవాడలో మొదటిసారి కర్ణాటక సంగీతం పోటీలో పాడింది. వేదిక మీద కూర్చున్నది తనొక్కతే అయినా ఆ 5 నిమిషాల వెనక చాలామంది శ్రమ ఉంది. ఎవరు ఏం చేశారో విడమరిచి రాస్తేనే వాళ్ల రుణం గుర్తుంచుకున్నట్టు. పిల్లల్ని పోటీలకు తయారుచేసేవాళ్లకూ ఇది పనికొస్తుంది.

ముందుగా వయొలిన్ మాస్టారికి పాదాభివందనం. ఆయన చదువుకున్నది విజయవాడ సంగీత కళాశాలలో. బాలమురళీకృష్ణ గారు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన కళాశాల అది. మాస్టారు పాపకు కొత్త పాటేమీ చెప్పలేదు, శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే 'స' ఎత్తు, సరిచేశారు. అన్నిటికన్నా పెద్ద సాయం అదే.

పాప 5½ శ్రుతిలో పాడేది (అంకె పెరిగేకొద్దీ శ్రుతి పైకి పోతుంది). మాస్టారు రాగానే పాట వినలేదు, అరగంట సాధన అయ్యాక పాడించుకున్నారు. సేదతీరిన గొంతుకు ఏ శ్రుతైనా సరిపోయినట్టే ఉంటుంది, అలిసిన గొంతే నిజం చెబుతుంది. పాటలో అట్టడుగు స్వరం, అన్నిటికన్నా పై స్వరం ఎంచుకుని ఆ రెండింటినీ మూడు శ్రుతుల్లో నిలిపి చూశారు. 5½లో తారస్థాయి (పై స్థాయి) గాంధారం ('గ') దగ్గర గడ్డం పైకి లేస్తోంది, మెడ బిగుస్తోంది, స్వరం చివర్లో జారుతోంది. 4½కి దించితే మంద్ర (కింది స్థాయి) ధైవతం ('ద')లో నాదం పోయి గాలే మిగులుతోంది. 5లో రెండూ నిలిచాయి. తేడా ఒక్క స్వరస్థానమే, కానీ చరణం మొత్తం తేలికైంది. పై శ్రుతిలో పాడితే గొంతు ఖంగుమంటుందని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. పిల్లల విషయంలో అక్కడ వినపడేది చాలాసార్లు గొంతు మీద ఒత్తిడే. ఇంకో మాట: శ్రుతి మార్చాక తొలి పాఠాలైన సరళీ వరుసల నుంచి వర్ణం దాకా అన్నీ కొత్త శ్రుతిలోనే కనీసం రెండు వారాలు పాడించాలి. పోటీ రేపనగా మారిస్తే పాత శ్రుతికి అలవాటుపడ్డ గొంతు అటే లాగుతుంది.

పాట మోహన రాగంలో ఉంది. మధ్యమం ('మ'), నిషాదం ('ని') లేని రాగం కదా, సులువేనని అనిపిస్తుంది. కంగారులో ధైవతం నుంచి షడ్జానికి జారేటప్పుడు నిషాదం తగిలిపోతుంది. 'గపదస'ను విలంబంలో (నెమ్మదిగా) స్వరాలుగా, ఆ తర్వాత అకారంగా ('ఆ' అంటూ) రోజూ పాడించమన్నారు. ఆ తప్పు అలాగే పోయింది.

మృదంగం మాస్టారికి కృతజ్ఞతలు. వేదిక ఎక్కగానే పిల్లలు కాలం (వేగం) పెంచేస్తారు. పల్లవి హుషారుగానే సాగుతుంది, తీరా చివరి సంగతికి (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరుల్లో ఒక్కోటీ ఒక సంగతి) వచ్చేసరికి నోరు తిరగదు. అందుకే పాట ఎత్తుకునే ముందు అన్నిటికన్నా కష్టమైన సంగతిని మనసులో ఒకసారి పాడుకుని, ఆ వేగంతోనే తాళం మొదలుపెట్టమని నేర్పారు. లెక్క కూడా ఆయనే వేసిచ్చారు. ఆదితాళంలో అక్షరానికి ఒక సెకను అనుకుంటే 8 అక్షరాల ఆవర్తనం (తాళం ఒక చుట్టు) 8 సెకన్లు. పాటకు ముందు మాటలు లేకుండా పాడే రాగానికి అర నిమిషం తీసేస్తే 5 నిమిషాల్లో పాటకు మిగిలేవి 33 ఆవర్తనాలు. అందులో ఇమడకపోతే సంగతులు తగ్గించాలి గాని కాలం పెంచకూడదు. పల్లవిలో రెండు సంగతులు అలాగే తీసేశాం. దానికి ఒప్పుకున్న పాప అమ్మానాన్నలకు ప్రత్యేకంగా ధన్యవాదాలు. బిడ్డకు వచ్చిన సంగతి వదిలేయమంటే ఒప్పుకోవడం అంత తేలిక కాదు. తాళం వేసే చెయ్యి తొడ మీద పడే చప్పుడు మైకులో వినపడకుండా ఒళ్లో మడత తువ్వాలు పెట్టమన్నదీ మాస్టారే.

పాప బడిలోని తెలుగు టీచరు గారికి ఎన్ని నమస్కారాలు చెప్పినా తక్కువే. పాప పాటలోని మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. ఆ రాతలో 'ళ'కీ 'ల'కీ, 'ణ'కీ 'న'కీ తేడా ఉండదు, ఒత్తులు నిలవవు. పాట మొత్తం తెలుగులో పాప చేతే రాయించి, పదాలు విడదీసి అర్థం చెప్పి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిలుతో గీతలు పెట్టించారు. 'రామచంద్రా' అన్న పిలుపులో 'రామ' దగ్గర ఊపిరి పీలిస్తే పిలుపే విరిగిపోతుంది.

గవర్నర్‌పేటలోని పాప పెద్దమ్మ గారికి కృతజ్ఞతలు. ముందు రోజు సాయంత్రమే పాపను పిలిపించుకున్నారు కాబట్టి తెల్లారి బస్సు కిటికీ గాలి, నిద్రలేమి రెండూ తప్పాయి. మిర్చి సీజన్లో గుంటూరు గాలికి గొంతు గరగరలాడడం మనకు తెలిసిందే, అది కూడా తప్పింది. పాడడానికి రెండు గంటల ముందు కారం లేకుండా ఇడ్లీ, తర్వాత గుక్కెడు గుక్కెడుగా గోరువెచ్చని నీళ్లు, అంతే. పొద్దున్నే మాయామాళవగౌళ రాగంలో రెండు కాలాల్లో పావుగంట సాధన చేయించారు. నంబరు పిలిచేదాకా పోటీ పాట పాడనివ్వలేదు. మధ్యమధ్యలో నోరు మూసుకుని రెండు నిమిషాలు హమ్మింగ్ మాత్రమే. వరండాలో పాటంతా పదేపదే పాడేసిన పిల్లలకు వేదిక మీద గొంతు మిగలదు.

హాల్లో మైకు చూసిన తమ్ముడికీ థాంక్స్. మైకును నోటికి ఎదురుగా కాకుండా గడ్డం కిందుగా, బెత్తెడు దూరంలో పెట్టాడు, దాంతో 'ప', 'భ' పలికినప్పుడు ఠప్పుమనలేదు. శ్రుతి వినిపించే తంబురా యాప్ ఉన్న ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టారా అని అడిగి మరీ చూసుకున్నాడు. పాట మధ్యలో ఫోన్ మోగితే శ్రుతి ఆగిపోతుంది.

చివరిగా న్యాయనిర్ణేతలకు. మార్కులతో సరిపెట్టకుండా పాపను దగ్గరికి పిలిచి, శ్రుతి నిలకడగా ఉందని, రాగం మాత్రం పంచమం ('ప') దగ్గరే తచ్చాడిందని, గాంధారం మీద ఇంకాసేపు నిలవాలని చెప్పారు. సోమవారం నుంచి సాధన దాని మీదే.