'వాల్ట్జ్ ఫర్ డెబీ' కొత్త ధర, అందులోని గ్లాసుల చప్పుడు: మా కస్టమర్లకు ఒక మాట

మా షాపులో జాజ్ పియానిస్టు బిల్ ఎవాన్స్ ట్రయో (పియానో, బేస్, డ్రమ్స్ వాయించే ముగ్గురి బృందం) రికార్డు 'వాల్ట్జ్ ఫర్ డెబీ' కొన్నవాళ్లకి, వస్తే చెప్పమని పేరు రాయించినవాళ్లకి ఈ కబురు. వచ్చే స్టాకు నుంచి దీని ధర పెరుగుతోంది, ఐదు వేల రూపాయలకు దగ్గరగా ఉంటుంది. ఇన్నాళ్లూ దాని పక్కనే పెట్టి అమ్మిన తక్కువ ధర యూరప్ ప్రెసింగ్‌ని, అంటే అక్కడ అచ్చువేసిన కాపీని, ఇక తెప్పించడం లేదు. కారణం చెప్తాను. దానికంటే ముందు, ఈ మధ్య ఈ రికార్డు మీద ఎక్కువగా వస్తున్న కంప్లైంట్ గురించి.

"మధ్యలో ఏవో చప్పుళ్లు వస్తున్నాయి, మార్చి ఇవ్వండి" అని కొందరు వెనక్కి తెచ్చారు. వాళ్ల ముందే టర్న్‌టేబుల్ మీద వేసి విన్నాం. గ్లాసులు తగులుకుంటున్న చప్పుడు, ఎవరో మాట్లాడుకోవడం, ఒకరిద్దరి నవ్వు. అవి రికార్డులో లోపం కాదు. 1961 జూన్ 25, ఆదివారం నాడు న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో కూర్చున్న జనం చేసిన చప్పుళ్లు అవి. గ్రీనిచ్ విలేజ్‌లో సెవెంత్ ఎవెన్యూ సౌత్ మీద, మెట్లు దిగి వెళ్లే చిన్న బేస్‌మెంట్ గది అది. 1935 నుంచి అదే చోట ఉంది, ఇప్పటికీ రోజూ కచేరీలు జరుగుతున్నాయి. ఆ రోజు రివర్‌సైడ్ రికార్డు కంపెనీ తరఫున ప్రొడ్యూసర్ ఓరిన్ కీప్‌న్యూస్, ఇంజనీర్ డేవ్ జోన్స్ టేప్ మెషీన్ పెట్టి, మధ్యాహ్నం రెండు విడతలు, రాత్రి మూడు విడతలు, మొత్తం ఐదు సెట్లు రికార్డు చేశారు. వచ్చినవాళ్లు తాగుతున్నారు, తింటున్నారు, కబుర్లు చెప్పుకుంటున్నారు. ఏ దేశంలో ఏ కంపెనీ అచ్చువేసిన కాపీ కొన్నా ఇవి ఉంటాయి.

మీ దగ్గరున్న కాపీలో నిజంగా లోపం ఉందేమో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఎల్‌పీ నిమిషానికి ముప్పై మూడుంపావు చుట్లకు కాస్త ఎక్కువగా తిరుగుతుంది, అంటే ఒక్కో చుట్టుకు 1.8 సెకన్లు. గీత పడినా, అచ్చులో తేడా వచ్చినా 'టిక్' మనే శబ్దం సరిగ్గా ఆ లెక్కలో మళ్లీ మళ్లీ వస్తుంది. గ్లాసు చప్పుడు అలా రాదు, ఒకసారి వచ్చి పోతుంది. 'టిక్' లెక్కగా వస్తుంటే తీసుకురండి, మారుస్తాం, ఇందులో వాదన ఉండదు. గ్లాసుల చప్పుడుకైతే మార్చలేం. కొనేముందు షాపులో మొదటి పాట 'మై ఫూలిష్ హార్ట్' పూర్తిగా వినండి. నచ్చకపోతే కొనకండి, మేమేమీ అనుకోం.

నా మట్టుకు నాకు ఆ చప్పుళ్లు లేకుండా ఈ రికార్డు వద్దు. 'మై ఫూలిష్ హార్ట్' ఎంత నెమ్మదిగా నడుస్తుందంటే, పియానో మీద ఒక స్వరం పలికి ఆగాక తర్వాతి స్వరం వచ్చేలోపు బోలెడంత ఖాళీ ఉంటుంది. పాల్ మోషన్ డ్రమ్స్ మీద పుల్లలు వాడడు, బ్రష్‌లతో రాస్తూ, మధ్యమధ్యలో సింబల్‌ని ముట్టుకుని వదిలేస్తాడు. ఆ ఖాళీలో గది వినిపిస్తుంది. అంత సందడిలో ముగ్గురు మనుషులు అంత మెల్లగా వాయించే ధైర్యం ఎలా చేశారా అని విన్న ప్రతిసారీ ఆశ్చర్యపోతాను.

ఇక ఈ ట్రయోలో బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాద్యం) వాయించిన స్కాట్ లఫారో. ధర గురించి చెప్పాలంటే ఇతని గురించి చెప్పక తప్పదు. అంతకుముందు ట్రయోల్లో బేస్ వాయించేవాళ్ల పని చాలావరకు తాళానికి దన్నుగా అడుగులు వేస్తూ పోవడం. మన కచేరీల్లో పాట వెంట నడిచే వయొలిన్ ఒక్కసారిగా గాయకుడికి ఎదురుమాట చెప్పడం మొదలుపెడితే ఎలా ఉంటుందో, ఎవాన్స్ పక్కన లఫారో అలా వాయించాడు. ఎవాన్స్ ఒక వాక్యం అంటే ఇతను పైస్థాయిలో దానికి జవాబిస్తాడు, ఒక్కోసారి ఆ వాక్యం పూర్తికాకుండానే అందుకుంటాడు. ఆల్బమ్‌కి పేరిచ్చిన పాట 'వాల్ట్జ్ ఫర్ డెబీ'లో ఇది తేలిగ్గా తెలుస్తుంది. ఎవాన్స్ తన అన్న కూతురి కోసం కట్టిన పాట అది. మొదట పియానో, బేస్ రెండే మూడు మాత్రల లెక్కలో మొదలుపెడతాయి, తర్వాత డ్రమ్స్ కలిసి నాలుగు మాత్రల నడకకు మారతారు. ఆ మారే చోట బేస్‌ని మాత్రమే పట్టుకుని వినండి. అప్పటికి లఫారో వయసు పాతికేళ్లు. బేస్ పట్టిందే పద్దెనిమిదేళ్లప్పుడు.

ఆ ఆదివారం తర్వాత పదకొండు రోజులకే, జూలై 6న, కారు ప్రమాదంలో లఫారో చనిపోయాడు. ఎవాన్స్ కొన్ని నెలలపాటు జనం ముందు వాయించలేకపోయాడు. ఆ టేపుల్లోంచి మొదట 1961లోనే 'సండే ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్' వచ్చింది. లఫారో పనితనం బాగా కనిపించే పాటలు ఏరి అందులో పెట్టారు. అతను కట్టిన 'గ్లోరియాస్ స్టెప్'తో అది మొదలై, అతనిదే 'జేడ్ విజన్స్'తో ముగుస్తుంది. మిగిలిన వాటితో 1962లో 'వాల్ట్జ్ ఫర్ డెబీ' వచ్చింది. రెండూ ఒక్కరోజు కచేరీలోవే కాబట్టి, ఏది ముందు కొనాలని అడిగేవాళ్లకు నా సమాధానం: జాజ్ కొత్త అయితే 'వాల్ట్జ్', బేస్ కోసమైతే 'సండే'.

ఇంత చెప్పడానికి కారణం, చవక ప్రెసింగ్‌లలో ముందుగా దెబ్బతినేది ఈ బేసే. యూరప్ చట్టం ప్రకారం 1962 వరకు విడుదలైన రికార్డింగులకు హక్కుల గడువు అయిపోయింది. అందుకని అక్కడ రికార్డింగు హక్కుదారుల అనుమతి లేకుండానే ఎవరైనా ఈ ఆల్బమ్‌ని అచ్చువేసి అమ్ముకోవచ్చు, అది తప్పు కాదు. కానీ అసలు టేపు వాళ్ల దగ్గర ఉండదు. దేని నుంచి తీశారో అట్ట మీద చాలాసార్లు రాయరు కూడా. మేము అమ్ముతూ వచ్చిన కాపీని, అమెరికాలో టేపుల హక్కుదారులు ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్ పేరుతో తెచ్చిన కాపీని ఒకే సూదితో, ఒకే స్పీకర్ల మీద మార్చి మార్చి విన్నాం. చవక కాపీలో పియానో బాగానే ఉంది. లఫారో పైస్థాయిలో వాయించేటప్పుడు మాత్రం తీగ మీద వేలు పడిన స్పష్టత పోయి, అంతా ఒక గుయ్‌మనే మోతలా ఉంది. ఎవాన్స్‌తో అతని సంభాషణ వినిపించకపోతే ఈ రికార్డు అమ్మడంలో అర్థం నాకు కనిపించలేదు.

మంచి కాపీ అమెరికాలోనే 39 డాలర్ల దాకా ఉంది. దాని మీద రవాణా, సుంకం, పన్ను, ఆపైన మా షాపు అద్దె. ఈ రికార్డు మీద మేము వేసుకునే మార్జిన్ మిగతా జాజ్ ఎల్‌పీల కంటే తక్కువ. అయినా ఐదు వేలు అంటే చాలామందికి ఎక్కువే, ఆ సంగతి నాకు తెలుసు. అంత పెట్టలేకపోతే సీడీ కొనండి, అందులోనూ బేస్ చక్కగా వినిపిస్తుంది. ఆ రోజు వాయించినదంతా వరుసగా 2005లో మూడు సీడీల సెట్‌గా వచ్చింది. ఆ రోజు మొదట వాయించిన పాట మధ్యలో కరెంటు పోయి టేపు ఆగడం కూడా అందులో ఉంది. అడిగితే తెప్పిస్తాం. ఎల్‌పీ అమ్మే షాపువాడు సీడీ కొనమనడమేంటని అనుకోకండి, ముందు మీరు ఈ సంగీతం వినాలి. పాత యూరప్ కాపీలు కొన్ని ఇంకా ఉన్నాయి. వాటి మీద అవి ఏమిటో రాసిన చీటీ అంటించి, మేము కొన్న ధరకే ఇచ్చేస్తున్నాం.

ఊరి బయటివాళ్లకు ఇంకో విషయం. ఏప్రిల్, మే నెలల్లో కొరియర్‌లో ఎల్‌పీలు పంపం. ఎండలో నిలబెట్టిన వ్యాన్‌లో ఒక మధ్యాహ్నం ఉంటే చాలు, వినైల్ వంకర తిరుగుతుంది. పోయిన ఎండాకాలం అలా పాడైనవాటికి డబ్బు వెనక్కి ఇచ్చాం, కొరియర్ వాళ్ల దగ్గర నుంచి మాకు పైసా రాలేదు. ఆ రెండు నెలల్లో బుక్ చేసినవి మీ పేరు రాసి పక్కన పెడతాం, జూన్‌లో పంపిస్తాం. హైదరాబాద్‌లో చుట్టాలుంటే వాళ్లని పంపినా ఇస్తాం.

పాత ధరకి డబ్బు కట్టేసి ఎదురుచూస్తున్నవాళ్లకు పాత ధరే వర్తిస్తుంది, తేడా మేమే భరిస్తాం. ఒట్టినే పేరు రాయించినవాళ్లు ఈ నెలాఖరులోగా ఫోన్ చేసి ఉంచాలో తీసేయాలో చెప్పండి. ఎన్ని కాపీలు తెప్పించాలో దాన్నిబట్టి ఆర్డర్ పెడతాను.