విశాఖ–హైదరాబాద్ విమానం: 45 నిమిషాల లెక్క ఎక్కడ తప్పింది?

సంపాదకుల వారికి,

సెలవులొస్తే చాలు, ‘విశాఖ–హైదరాబాద్ 620 కి.మీ., విమానంలో 45 నిమిషాలు’ అనే లెక్క అంతటా కనిపిస్తుంది. ఆ 620 రోడ్డు దూరం. రైలు విజయవాడ మీదుగా చుట్టి వెళ్తుంది కనుక దానికి దాదాపు 700. విశాఖ విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కు తిన్నగా గీత గీస్తే 510 కి.మీ.కు అటూ ఇటూ.

జెట్ వేగం గంటకు 830 కి.మీ. అనుకుని 620ని భాగిస్తే ఆ 45 వస్తుంది; 510ని భాగిస్తే 37 నిమిషాలే రావాలి. టికెట్ మీద మాత్రం గంటంబావు పైనే ఉంటుంది. చక్రాల కింద దిమ్మలు తీసినప్పటి నుంచి అవతల మళ్లీ పెట్టేదాకా పట్టేదే టికెట్ సమయం. రన్‌వే దాకా పాకడానికే పది నిమిషాలు పోవచ్చు. పదివేల అడుగుల లోపు 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కి.మీ. వేగం దాటకూడదు. 30,000 అడుగుల నుంచి దిగడం గమ్యానికి 170 కి.మీ. ముందే మొదలవుతుంది. ఎక్కడానికీ దాదాపు అంతే దూరం పడుతుంది. ఇక పూర్తి వేగంతో పోయేది దారిలో మూడో వంతే!

శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి. విమానం గాలికి ఎదురుగా దిగాలి. పడమటి గాలి వీచే వానాకాలంలో మన విమానం వచ్చిన దారినే నేరుగా దిగిపోతుంది. చలికాలంలో నేల దగ్గర తూర్పుగాలి వీస్తే ఊరు దాటి, చుట్టు తిరిగి పడమటి వైపు నుంచి దిగాలి. పైన ఎదురయ్యే పడమటి గాలి దీనికి అదనం.

గల్ఫ్ వెళ్లే ఉద్దానం కుర్రాళ్లు మోసపోయేది ఇంకోచోట. టికెట్‌పై ఏ ఊరి సమయం ఆ ఊరిదే. హైదరాబాద్‌లో ఉదయం 10కి ఎక్కితే దుబాయ్‌లో 12.30కి దిగినట్టు ఉంటుంది. ప్రయాణం రెండున్నర గంటలనుకోవద్దు. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనుక, కనుక నాలుగు గంటలు. తిరుగు ప్రయాణంలో ఆ గంటన్నర తీసేయాలి.

శ్రీకాకుళం వారికి అసలు గండం నేల మీదే. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి విశాఖ విమానాశ్రయం దాదాపు 110 కి.మీ. 9 గంటల విమానానికి సాధారణంగా 8కే కౌంటర్ మూసేస్తారు. 7.30కి అక్కడుండాలంటే తెల్లవారి 5కి బయల్దేరాలి. నగరంలోంచి వెళ్తే మద్దిలపాలెం లాంటి కూడళ్ల దగ్గర ఇరుక్కుంటారు. ఆనందపురం వద్ద పెందుర్తి వైపు తిరగడం మేలు. 10.20కి దిగి, సామాను తీసుకుని, సికింద్రాబాద్ చేరేసరికి మధ్యాహ్నం 12. ఏడు గంటల్లో గాల్లో ఉన్నది గంటకు మించదు.

భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి ఎక్కితే గగనదూరం సుమారు 30 కి.మీ. పెరుగుతుంది, అంటే రెండు మూడు నిమిషాలు. కానీ శ్రీకాకుళం నుంచి రోడ్డు 60 కి.మీ.కు తగ్గుతుంది. గంట పైనే ఆదా.

ప్రయాణ పట్టికలు వేసేటప్పుడు విమాన సమయం పక్కనే కౌంటర్ మూసే వేళ, జిల్లా కేంద్రం నుంచి విమానాశ్రయానికి రోడ్డు దూరం కూడా ముద్రించగలరని మనవి.

– ఒక పాఠకుడు, శ్రీకాకుళం