నెల్లీ బ్లై సంగతి

పద్మా,

నువ్వు పత్రికలో చేరినప్పటినుంచి ఈ కథ నీకు రాయాలనుకుంటున్నాను, ఇప్పటికి తీరిక చిక్కింది. నెల్లీ బ్లై పేరు వినే ఉంటావు. 1887లో, 23 ఏళ్ల వయసులో, మతి చలించినట్టు నటించి న్యూయార్క్‌లోని బ్లాక్‌వెల్స్ ద్వీపంలో ఆడవాళ్ల పిచ్చాసుపత్రికి వెళ్లి, 10 రోజులుండి వచ్చిన విలేకరి. పంపింది జోసెఫ్ పులిట్జర్ గారి ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రిక.

ముందు అద్దం ముందు నిలబడి పిచ్చిచూపులు సాధన చేసిందట. దొంగపేరుతో ఒక వసతిగృహంలో దిగి, రాత్రంతా కన్ను మూయకుండా కూర్చుని అక్కడివాళ్లను హడలగొట్టింది. ఇక పోలీసులు, కోర్టు, బెల్‌వ్యూ ఆసుపత్రి, చివరికి పడవలో ద్వీపానికి. అందరూ ఈ నటనను చెప్పుకునే మురిసిపోతారు. నన్నడిగితే అసలు విషయం ఆ తర్వాతే ఉంది. వార్డులో అడుగుపెట్టాక ఆమె నటన మానేసింది! మామూలుగా మాట్లాడింది, మామూలుగా మసలింది. ఎంత తెలివిగా మాట్లాడితే అంత ముదిరిందనుకున్నారు. పరీక్షించిన డాక్టరు ఈమెను ఒక ప్రశ్న అడిగితే, పక్కనున్న నర్సును ఆరు అడిగాడట. ఇంగ్లీషు రాని ఒక జర్మన్ ఆమె గతి ఇంకా అన్యాయం. ఆ నర్సుదీ జర్మన్ మూలమే, కానీ ఆ భాషలో నాలుగు ముక్కలే తెలుసునని తప్పించుకుంది. తన గోడు ఎవరికీ అర్థం కాకుండానే ఆ తల్లి లోపలికి పోయింది.

స్నానం గురించి చదివితే ఒళ్లు జలదరించింది. చన్నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి ఒళ్లంతా తోమి, నెత్తిన వరసగా మూడు బకెట్ల నీళ్లు కుమ్మరించారు. అవే నీళ్లలో తరువాతి వాళ్లు. పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా బెంచీల మీద కదలకూడదు, మాట్లాడకూడదు. ఆరోగ్యవంతురాలైనా అలా రెండు నెలలుంటే మతి పోతుందని రాసింది.

పత్రిక వకీలును పంపి విడిపించాక, గ్రాండ్ జ్యూరీ, అంటే ఆరోపణలను విచారించే పౌరుల బృందం, ఆమెను వెంటబెట్టుకుని ద్వీపానికి వెళ్లింది. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని తెలిసి బడికి సున్నం కొట్టించినట్టు, అక్కడ రొట్టె తెల్లబడింది, వంటగది గుమ్మం దగ్గర కొత్త ఉప్పు పీపాలు వెలిశాయి! ఆమె చెప్పిన ఆడవాళ్లలో కొందరు అసలు కనబడనే లేదు. అయినా జ్యూరీ ఆమె మాటే నమ్మింది. అలాంటి సంస్థల పోషణకు నగరం దాదాపు 10 లక్షల డాలర్లు అదనంగా కేటాయించింది.

ఒక్కటి మాత్రం నాకు తేలడం లేదు. కోర్టులో ఆ జడ్జి ఆమెను చూసి నిజంగానే జాలిపడ్డాడు, దయగా మాట్లాడాడు. ఆమె మాత్రం ఆయనకూ అబద్ధమే చెప్పింది. మీ ఎడిటర్ ఇలాంటి పని అప్పగిస్తే ఒప్పుకుంటావా? మొహమాటం లేకుండా రాయి. అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ
వసంత