‘వింటున్నాడు’ అని రాస్తే సరిపోదు

సంపాదకులకు,

ఆరోగ్యశ్రీలోనో, వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం ఏడిప్ పథకంలోనో కాక్లియర్ ఇంప్లాంట్ (శబ్దాన్ని విద్యుత్ సంకేతాలుగా మార్చి లోపలి చెవిలోని ఎలక్ట్రోడ్ల ద్వారా నరానికి అందించే పరికరం) పెట్టించుకున్న పిల్లల రిపోర్టుల్లో తరచు కనబడే ముక్క: ‘30 డెసిబెల్స్‌కి స్పందిస్తున్నాడు’. అది చూసి తల్లిదండ్రులు గండం గడిచిందనుకుంటారు. మైకు, ప్రాసెసర్ పనిచేస్తున్నాయని, మ్యాపింగ్‌లో, అంటే పరికరాన్ని పిల్లవాడికి తగ్గట్టు సర్దడంలో, కనిష్ఠ స్థాయిలు ఇంచుమించు కుదిరాయని మాత్రమే ఆ అంకె చెబుతుంది. ‘పాలు’కీ ‘కాలు’కీ తేడా దొరుకుతోందా అన్నది మాటలతోనే తేల్చాలి.

మాటల పరీక్ష జరిగినచోటా లోటుపాట్లున్నాయి. పరీక్ష చేసే మనమే చదివి వినిపిస్తుంటే, పిల్లవాడు తడబడగానే మనకు తెలియకుండానే గొంతు పెరుగుతుంది. పెదవులు కనబడకూడదని చెయ్యో కాగితమో అడ్డం పెడితే స, ష లాంటి సన్నటి శబ్దాలు అక్కడే మొద్దుబారతాయి. ఎంబ్రాయిడరీ రింగుకి స్పీకర్ల మీద వేసే పలచటి గుడ్డ బిగిస్తే ఆ చిక్కు తప్పుతుంది. అంతకన్నా నయం రికార్డు చేసిన జాబితా: మీటరు దూరంలో స్పీకర్, పిల్లవాడి తల దగ్గర కొలిస్తే 65 డెసిబెల్స్. రెండో చెవికి మిషన్ ఉంటే తీసేసి ఆ చెవి మూయాలి, లేకపోతే ఆ మార్కులు ఏ చెవివో తేలదు.

బొమ్మలు చూపించమనేటప్పుడు ఏనుగు, పాలు, కొబ్బరికాయ పక్కపక్కన పెడితే పిల్లలు మాట పొడుగును బట్టే పట్టేస్తారు. పిల్లి, బల్లి, తల్లి, పెళ్లి పెట్టి చూడండి. నాలుగేసి బొమ్మలతో పదిసార్లు అడిగితే, గుడ్డిగా వేలు పెట్టేవాడికి కూడా నూటికి ఏడెనిమిది సార్లు అయిదో అంతకంటే ఎక్కువో తగులుతాయి. అలాగే 25 మాటల జాబితాలో 48 శాతం 60 అయిందని సంబరపడతారు. తీరా చూస్తే పెరిగింది మూడు మాటలు. ప్రతిసారీ అదే జాబితా వాడితే అదీ బట్టీయే.

ఇంగ్లిష్ జాబితాలకు తెలుగు అర్థాలు రాసుకోవడం మరీ అన్యాయం. మన ఒత్తులు, దీర్ఘాలు వాటిలో ఎక్కడివి? ‘గడ్డి’ని ‘గడి’ అన్నా, ‘పాలు’ని ‘కాలు’ అన్నా తప్పే కానీ రెండూ ఒక్కటి కావు. నిడివి తేడాను ఇంప్లాంట్ బాగానే అందిస్తుంది, అది దొరకలేదంటే ముందు వినే శిక్షణ చూడాలి. ప-క తేడా ఎలక్ట్రోడ్లు శబ్దాన్ని ఎంత విడివిడిగా అందిస్తున్నాయన్నదాని మీద ఉంటుంది, అక్కడ మ్యాపింగ్ కూడా మళ్లీ చూడాలి. అందుకే మార్కుతోపాటు పిల్లవాడు పలికిన తప్పునూ ఉన్నదున్నట్టు రాయాలి.

ఫ్యాన్లు తిరిగే తరగతి గదిలో సంగతి తెలియాలంటే మాట 65, రొద 55 దగ్గర పెట్టి మరోసారి చేయాలి.

ఇంట్లో రోజూ పొద్దున పిల్లల వెనక నిలబడి ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ పలకండి, మధ్య విరామాలు మారుస్తూ, ఒక్కోసారి ఏమీ పలక్కుండా. నిన్నటిదాకా విన్న ‘స్’ ఇవాళ తప్పితే మొదట మైకు మూత చూడండి. చెమట, దుమ్ము పట్టి ఉండొచ్చు.

రిపోర్టు ఫారంలో జాబితా పేరు, రికార్డా నోటి మాటా, ఎన్ని డెసిబెల్స్, రొద ఉందా లేదా అన్న గడులు చేర్చాలని పథకాల అధికారులకు మనవి.

– ఇద్దరు ఆడియాలజిస్టులు, గుంటూరు