పాతాళగంగ దగ్గర చోటు

తాడిపత్రి,
జూన్ 2025

రేయ్ మామా,

నువ్వు పంపిన ఫొటో చూసినప్పటి నుంచి మా ఇంట్లో అదే మాట. జూరిచ్‌లో మీ అపార్ట్‌మెంట్ కింద సెల్లార్‌లో జానెడు మందం తలుపు, దాని వెనక అణుబాంబుకని కట్టిన గది. ఆ గదిలో చూస్తే నీ సైకిలు, ఎవరివో మంచు మీద జారే కర్రలు, అట్టపెట్టెలు, మూలన పోయినేడు మీ అమ్మ పంపిన ఊరగాయ జాడీ. అమ్మ ఆ తలుపు వైపే చూళ్ళేదు. "జాడీకి వాసెన కట్టలేదు చూడు, బూజు పడుతుంది" అనింది. నీకు ఫోన్ చేసి చెప్పమంది. ఉత్తరంలో రాస్తానని తప్పించుకున్నా. రాసేశాను, నా బాధ్యత తీరింది.

పాకిస్తాన్‌తో గొడవలో ఇక్కడ మే నెల ఎలా గడిచిందో నీకు తెలుసు కదా. 7వ తారీఖు దేశమంతా మాక్ డ్రిల్ అన్నారు, మన రాష్ట్రంలో విశాఖలో చేశారు. మన ఊళ్ళో మోగింది పాల వ్యాను హారన్ ఒక్కటే. కానీ టీవీ వాళ్ళు ఊరుకుంటారా! రాత్రి పదింటికి అన్నం తింటూ చూస్తుంటే బాంబులు మనింటి మిద్దె మీదే పడేట్టు చెప్పారు. మా చిన్నాయన టెన్షన్ పడిపోయి, "నిజంగా అణుబాంబు వేస్తే యాడికి పోతాం?" అని అడిగాడు. అవ్వ వక్క నములుతూ, "యాడికో ఎందుకు, బెలుం బిలం ఉంది కదా" అనింది.

10వ తారీఖుకు కాల్పులు ఆగాయి గానీ అవ్వ మాట ఇంట్లో ఆగలేదు. పోయిన ఆదివారం రెండు బండ్లు మాట్లాడుకుని 14 మందిమి బెలుం గుహలకు పోయొచ్చాం. మన ఊరి నుంచి 30 కిలోమీటర్లే కదా, నువ్వూ నేనూ డిగ్రీలో పోయిందే. అప్పుడు మనం లోపల చూసింది తక్కువ, బయట తిన్న మిరపకాయ బజ్జీలు ఎక్కువ. ఈసారి వేరే కంటితో చూశాను. ఎక్కడ ఎంత మంది పడతారు, ఎక్కడ పడుకోవచ్చు, ఇదే లెక్క.

పైన ఏమీ ఉండదు, గుర్తుందా? చదును పొలం, అందులో బావుల్లా మూడు గుంతలు. మెట్లు దిగితే లోపల 3229 మీటర్ల బిలం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర దీని గురించి రాశాడు, ఆ తర్వాత నూరేళ్ళకు జర్మనీ వాళ్ళు వచ్చి కొలిచారు. ఒకప్పుడు జైన, బౌద్ధ సన్యాసులు ఉన్నారంటారు. మధ్యలో మనవాళ్ళు చెత్త పారబోసుకున్నారు. ఇప్పుడు టికెట్ పెట్టారు, లైట్లు పెట్టారు, పైనుంచి గాలి కొడతారు. ఆ గాలి వచ్చే చోట ఒక్క నిమిషం నిలబడితే ప్రాణం లేచొస్తుంది. పది అడుగులు పక్కకు పోతే చొక్కా తడిసి వీపుకు అంటుకుంటుంది.

సింహద్వారం, కోటిలింగాలు అని పేర్లు పెట్టిన చోట్లన్నీ చూసుకుంటూ పాతాళగంగ దాకా దిగాం. పైనుంచి 46 మీటర్లు, అంటే పదిహేను అంతస్తుల మేడను తలకిందులు చేసి పాతినట్టు. అక్కడ నీళ్ళు సన్నగా పారుతూ వచ్చి రాతిలోకి మాయమైపోతాయి. చిన్నాయన ఆ నీళ్ళను చూడగానే, "ఇదిరా చోటు! నెత్తిన రాయి, కాళ్ళ దగ్గర నీళ్ళు. మన ఇంటోళ్ళకు ఇది రిజర్వు" అన్నాడు. అన్నాడో లేదో, గోడ పట్టుకుని కూలబడ్డాడు. చెమటలు, ఆయాసం, మాట రావడం లేదు. మా బామ్మర్ది విసనకర్రలాగా టికెట్లు ఊపుతున్నాడు. చివరికి మా బొలెరో డ్రైవరు ముందు నుంచి చెయ్యి పట్టుకుని లాగుతూ, నేను వెనక నుంచి తోస్తూ పైకి తెచ్చాం. బయట వేపచెట్టు కింద అర లీటరు మజ్జిగ తాగాక మనిషి అయ్యాడు.

అసలు కథ ఆ వేపచెట్టు కిందే జరిగింది. జొన్నరొట్టె, ఊరుబిండి తింటుంటే అక్క కొడుకు బండ్ల బిల్లు పుస్తకం అడిగాడు. వెనక పేజీలో గుహ గీశాడు, మూడు అంతస్తులు చేశాడు. అడుగున పాతాళగంగ, నడిమిన పెద్ద హాళ్ళు, పైన గుంతల దగ్గర మెట్లు. ఇక పేర్లు రాయడం మొదలైంది. నన్ను రాయమన్నారు, నా చేతిరాత బాగుంటుందని.

ఊపిరి ఆడక పైకి మోయించుకున్న మనిషి, కాగితం మీద మళ్ళీ అదే పాతాళగంగ రాయించుకున్నాడు చూడు! అడుగున చిన్నాయన, ఆయన కొడుకులు, బ్యాంకులో పనిచేసే అల్లుడు. నడిమిన పనికొచ్చేవాళ్ళంట: ఒక డాక్టరు, ఒక కరెంటు పని తెలిసినవాడు, వంట బాగా చేస్తుందని మా అక్క. నేను కూడా నడిమినే రాసుకున్నా, రాయి గురించి తెలుసు కదా అని. పైన మెట్ల దగ్గర డ్రైవరు, ఇంకో ఇద్దరు "గట్టి మనుషులు". ఎవరూ గొడవపడలేదు. అదే నాకు వింత. 14 మందికి చోట్లు పంచడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. పెళ్ళి భోజనాల్లో ఏ పంక్తిలో ఎవరు కూర్చోవాలో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుందే, అట్లే తెలిసిపోయింది.

అప్పుడు అవ్వ అడిగింది. "అందరూ అడుగున కూచుంటే పొద్దున్నే చెంబులు, బకెట్లు పైకి ఎవరు మోస్తార్రా?"

చిన్నాయన, "దానికి మనుషులుంటారు లేమ్మా" అన్నాడు.

"యా మనుషులు? పేరు రాసినారా?"

కాగితం చూశాను. లేదు.

డ్రైవరు మాకు కొంచెం దూరంగా రొట్టె తింటున్నాడు. "నాకు పైన చాల్లే సార్, కింద గాలి ఆడదు" అన్నాడు. ఎగతాళి కాదు, మామూలుగానే అన్నాడు. పిల్లలు నవ్వారు, చిన్నాయన నవ్వలేదు.

ఆ గాలి మాట నా బుర్రలో నిలిచిపోయింది. మనిషి ఊరికే కూర్చున్నా 100 వాట్ల బల్బంత వేడి వదులుతాడు. వెయ్యి మందిని లోపల పెడితే వెయ్యి బల్బులు. బెలుంలో ఇప్పుడే చెమటలు. తిండి కంటే ముందు గాలి, వేడి చంపుతాయి. గాలి కొట్టే మిషను పైన, దానికి డీజిల్ పోసేవాడు పైన. అడుగున ఎంత పెద్ద మనిషి ఉన్నా వాడి దయ మీద ఊపిరి పీల్చాల్సిందే. ఇంకొకటి, ఆ మూడు గుంతలు ఆకాశానికి నోరు తెరిచి ఉన్నాయి. బాంబు పేలాక రాలే రేడియేషన్ బూడిద నేరుగా లోపల పడుతుంది. చిన్నాయన మురిసిపోయిన ఆ నీళ్ళు కూడా పైన పడిన వాన నీళ్ళే కదా. రాయి మాత్రం బ్రహ్మాండం, అందులో అనుమానం లేదు. మనం కోసి పాలిష్ పట్టి అమ్మే నాపరాయి కూడా ఆ సున్నపురాయి జాతే.

రాయి అంటే గుర్తొచ్చింది. యురేనియం కావాలంటే పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో భూమి కిందికి దిగి తవ్వుతున్నారు. రేడియేషన్ ఆపడానికి ఎక్స్‌రే గదుల గోడలకు కలిపే బెరైటీస్, అదే మన ముగ్గురాయి, మంగంపేటలో కొండలకు కొండలు. దాక్కోవడానికి బెలుం. అన్నీ మన సీమలోనే పెట్టాడు దేవుడు, తాగడానికి నీళ్ళు పెట్టడం ఒక్కటే మరిచిపోయాడు.

మా అక్క కొడుకు ఇంకో లెక్క చెప్పాడు. పేలిన గంటకు బూడిదలో ఉన్న రేడియేషన్ 7 గంటలకు పదో వంతుకు పడిపోతుందంట. 49 గంటలకు నూరో వంతు, రెండు వారాలకు వెయ్యో వంతు. అంటే ముఖ్యంగా లోపల ఉండాల్సింది ఆ రెండు వారాలు. అవ్వకు చెప్తే, "రెండు వారాలకా ఇంత పంచాయితీ? మీ తాత తద్దినానికి వచ్చినోళ్ళు అంతకంటే ఎక్కువున్నారు" అనింది. రెండు వారాలు చుట్టాలతో ఒకే ఇంట్లో ఉండడం ఎంత కష్టమో ఆమెకు తెలియక కాదు.

పోయినేడు నువ్వు లూసెర్న్‌లో సోనెన్‌బర్గ్ సొరంగం చూసి రాసిన ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. 1976లో తెరిచిన రోడ్డు సొరంగం, యుద్ధం వస్తే 20 వేల మందికి ఆశ్రయం, మధ్యలో 7 అంతస్తుల కట్టడం, అందులో ఆసుపత్రి, అధికారుల గది, జైలు గదులు కూడా. అప్పుడు జైలు అనగానే నవ్వాను. ఇప్పుడు నవ్వు రాలేదు. అందరికీ చోటు ఇవ్వాలని కూర్చున్నవాడికి కూడా, లోపల ఎవరిని ఎక్కడ బంధించాలో ముందే తట్టింది. 1987లో రిహార్సల్ చేస్తే ఒక తలుపు సరిగ్గా మూసుకోలేదని కూడా రాశావు. మీ దేశంలోనే అట్లుంటే!

అయినా మీ స్విస్ వాళ్ళను ఒకందుకు మెచ్చుకోవాలి. 1963లో చట్టం చేసి, మనిషికి ఒక చదరపు మీటరు అన్నారు. మంత్రికీ అంతే, మీ బిల్డింగ్ ఊడ్చేవాడికీ అంతే. జనం కంటే చోట్లే ఎక్కువ ఉన్నాయంటే నమ్మబుద్ధి కాదు. కెనడా వాళ్ళు అట్లా కాదు, 1961 నాటికి ఒట్టావా దగ్గర నాలుగంతస్తుల బంకరు కట్టి 535 మందికి మాత్రం చోటు పెట్టుకున్నారు. అందరూ ప్రభుత్వం వాళ్ళే, పెళ్ళాం పిల్లలకు ప్రవేశం లేదు. వాళ్ళ ప్రధాని డీఫెన్‌బేకర్, "మా ఆవిడ రాకుంటే నేనూ రాను" అన్నాడంట. ఇది మా ఆవిడకు చెప్పడం నా తెలివితక్కువతనం. "నువ్వైతే?" అనింది. ఒక్క క్షణం ఆలస్యంగా జవాబు చెప్పాను. ఆ క్షణానికి మూడు పూటలు ఉప్పులేని పప్పు తిన్నాను.

నీకు ఒక మాట చెప్పాలి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సోమవారం మా నాపరాళ్ళ ఫ్యాక్టరీకి పోయాను. మిషన్లు తిరుగుతున్నాయి, మనుషుల మీద రాతి నీళ్ళు చిందుతున్నాయి. మొత్తం 11 మంది, ఇద్దరు ఒడిశా కుర్రాళ్ళు. మోటరు దగ్గర ఉన్నవాడు నన్ను చూసి నవ్వి, "సార్, టీ?" అన్నాడు. అప్పుడు తట్టింది. ఆ కాగితంలో వీళ్ళలో ఒక్కరి పేరూ లేదు. చిన్నాయనను ఎందుకు అనాలి, రాసింది నేను. అడుగున కాదు, నడిమిన కాదు, పైన మెట్ల మీద కూడా రాయలేదు. ఒట్టి మరిచిపోయాను. అవ్వ అడిగిన "మనుషులు" మాత్రం ఎవరో నాకు ఆ టీ తాగుతుంటే తెలిసింది.

ఆ కాగితం ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంది. మా ఆవిడ దాని వెనక పాల లెక్క రాస్తోంది. నిన్న రాత్రి పెన్ను తీసుకుని 11 పేర్లూ చేర్చాను. నడిమి అంతస్తులో చోటు చాలక అంచున రాశాను, నిలువుగా. చిన్నాయన చూస్తే గొడవే. చూడనీ.

మీ అమ్మానాన్నల పేర్లు కూడా రాయాలని అప్పుడు గుర్తొచ్చింది. నీకు జూరిచ్‌లో చదరపు మీటరు ఉంది, వాళ్ళేమో మా వీధి చివర ఉన్నారు. అమ్మను మా అక్క పక్కన రాశాను, ఇద్దరూ కలిస్తే వంట సంగతి చూసుకుంటారు. మీ నాయనకు మోకాళ్ళు కదా, అన్ని మెట్లు దిగలేడు. పైన డ్రైవరు పక్కన రాశాను. ఇద్దరికీ పేకాట పిచ్చి, గాలి కూడా బాగుంటుంది. నీకు అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పు, ఇంకా పెన్నుతోనే ఉన్నాను.

జాడీకి వాసెన కట్టు.

నీ
మామ